పాత లోకంలో కొత్త ఆటగాడు

వయసు మీరిన ఆన్‌లైన్ రోల్‌ప్లేయింగ్ గేమ్‌ను ఈనాడు మొదలుపెట్టడం తగిన పనేనా అన్న సందేహం పాత నవల చదవబోయేవారికి కలిగే సందేహం వంటిది కాదు. చదివేవారు తగ్గిపోయినంత మాత్రాన నవలలో ఒక్క పేజీ కూడా చెరిగిపోదు. వేలాదిమంది ఒకే సర్వర్‌లో, అంటే కంపెనీ కంప్యూటర్లలో రాత్రింబవళ్లు నడుస్తూ ఉండే ఒకే కల్పిత లోకంలో, తలా ఒక పాత్రను పెంచుకుంటూ కలిసి ఆడే ఆటలో మాత్రం మనుషులే సగం సరుకు. వారు వెళ్లిపోతే కోటలు, అడవులు, రాక్షసులు ఎక్కడివక్కడే ఉన్నా ఆట ఉండదు. ఆటగాళ్లు క్లుప్తంగా ఎంఎంఓ అని పిలుచుకునే ఈ తరహా ఆటల్లో 1997 నాటి అల్టిమా ఆన్‌లైన్, 1999 నాటి ఎవర్‌క్వెస్ట్, 2001 నాటి రూన్‌స్కేప్, 2003 నాటి ఈవ్ ఆన్‌లైన్, 2004 నాటి వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ నేటికీ నడుస్తూనే ఉన్నాయి కనుక, అవి వెలువడిన రోజుల్లో కంప్యూటరో ఇంటర్నెట్టో తీరికో లేక వాటిని అందుకోలేకపోయినవారికి ఈ సందేహం రావడం సహజమే. అయితే ఆట వయసు ఎంత అన్న లెక్క ఈ సందేహాన్ని తీర్చదు. ముందు వచ్చినవారి నిన్నటి శ్రమను ఆ ఆట ఏం చేస్తోంది, వారు నడిచిన దారిలో ఇవాళ ఎవరైనా ఉన్నారా అని అడిగితేనే కొత్తవారికి పనికివచ్చే జవాబు దొరుకుతుంది.

వయసును బట్టి తీర్పు చెప్పడంలో మొదటి చిక్కు, మూతపడిన ఆటల్లో కుర్ర ఆటలు తక్కువేమీ కాకపోవడం. 2007 నవంబరులో వచ్చిన టాబులా రాసా 2009 ఫిబ్రవరిలోనే ముగిసింది. 2005లో మొదలైన మ్యాట్రిక్స్ ఆన్‌లైన్ 2009 జులై దాటలేదు. ఎన్నో ఆశల నడుమ 2014లో విడుదలైన వైల్డ్‌స్టార్‌కు 2018 నవంబరు ఆఖరి నెల అయింది. ఇరవై ఏళ్లు దాటిన ఆట, ఆ ఇరవై ఏళ్లలో తనకంటే అందమైన, తనకంటే ఎక్కువ పెట్టుబడి గల పోటీదారులు ఎందరో వచ్చినా నిలిచింది కాబట్టి, రేపు ఉదయానికి ఉంటుందా అన్న విషయంలో దానిమీద ఉంచదగిన నమ్మకం నిన్న విడుదలైన ఆటమీద ఉంచదగిన నమ్మకం కంటే ఎక్కువే. దీన్ని హామీగా మాత్రం తీసుకోకూడదు. 2004లో ప్రారంభమైన సిటీ ఆఫ్ హీరోస్ మూసివేత 2012 ఆగస్టు 31న ప్రకటితమై, అదే ఏడాది నవంబరు 30న సర్వర్లు ఆగిపోయాయి. ఎనిమిదేళ్లు పెంచుకున్న పాత్రలకు మిగిలిన గడువు మూడు నెలలు. అభిమానులు తమంతట తాము నడుపుకుంటున్న హోమ్‌కమింగ్ సర్వర్‌కు ఎన్‌సీసాఫ్ట్ సంస్థ 2024 జనవరిలో అధికారిక అనుమతి ఇవ్వడం మంచి ముగింపే అయినా అరుదైన ముగింపు. ఆటలో సంపాదించినది ఏదీ ఆటగాడి సొంతం కాదని, అక్కడ గడిపిన సాయంత్రాలే అతనికి దక్కే ఫలమని ముందే ఒప్పుకుని చేరినవారికి ఆట వయసు పెద్దగా అడ్డు కాదు.

ఇక అసలు విషయానికి వస్తే, పాత ఆటలో చేరబోయేవారిని వెనక్కి లాగేది ఎక్కువగా ఒకే భయం: పదేళ్లు, పదిహేనేళ్లు ఆడినవారిని ఎప్పటికీ అందుకోలేమేమో అని. ఈ భయంలో నిజమెంతో తేలాలంటే ఆటలోని ఎదుగుదల ఏ పద్ధతిలో సాగుతుందో తెలియాలి. వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్‌ది నిలువు ఎదుగుదల. ఎక్స్‌పాన్షన్ అనే అనుబంధ భాగం వచ్చిన ప్రతిసారీ పాత్ర చేరగల గరిష్ఠ స్థాయి, అంటే లెవెల్, పెరుగుతుంది, లేదా మరింత బలమైన ఆయుధాలు వస్తాయి, దాంతో అంతకుముందు సాధించినదాని విలువ పడిపోతుంది. 2007 జనవరిలో మొదటి ఎక్స్‌పాన్షన్ వచ్చినప్పుడు, నలభై మంది జట్టు కట్టి నెలల తరబడి రెయిడ్లు చేసి, అంటే పెద్ద గుంపుగా వెళ్లి దుర్భేద్యమైన కోటలపై దాడి చేసి, సంపాదించుకున్న ఆయుధాల్లో చాలావాటికి కొత్త ఖండంలో మామూలు పనులు చేసిపెట్టినందుకు దొరికే బహుమతులే సాటిరావడం, కొన్నిటిని మించిపోవడం పాతవారికి మింగుడుపడలేదు. వారికి నష్టంగా తోచిన ఆ ఏర్పాటే ఆలస్యంగా వచ్చేవారికి తలుపు తెరిచి ఉంచుతోంది. ప్రతి ఎక్స్‌పాన్షన్‌తోనూ అందరి లెక్క దాదాపు మళ్లీ మొదటికి వస్తుంది కనుక పదిహేనేళ్ల అనుభవం ఉన్నవారి ఆధిక్యం ఆయుధాల్లో కంటే చేతి నైపుణ్యంలోనూ తెలివిడిలోనూ మిగులుతుంది. 2004లో 60గా ఉన్న గరిష్ఠ లెవెల్ 2018 నాటికి 120కి చేరి కొత్తవారికి కొండలా కనిపించడంతో, 2020 అక్టోబరులో కంపెనీ అంకెలన్నిటినీ కుదించి, 120వ లెవెల్ పాత్రను 50కి దించి, కొత్తవారి కోసం విడిగా ఒక ప్రారంభ ద్వీపాన్ని కట్టింది. గిల్డ్ వార్స్ 2 దీనికి పూర్తిగా విరుద్ధం. 2012 ఆగస్టులో 80గా నిర్ణయించిన గరిష్ఠ లెవెల్‌ను ఆ తర్వాత పెంచలేదు, అదే ఏడాది నవంబరులో వచ్చిన అత్యున్నత శ్రేణి ఆయుధాలపై మరో శ్రేణిని పేర్చలేదు. కొత్త భాగాల్లో ఎత్తుకు బదులు కొత్త విద్యలు, కొత్త వాహనాలు, కొత్త ప్రాంతాలు వస్తాయి. ఎక్కాల్సిన మెట్లు పెరగని చోట ఆలస్యంగా వచ్చినవారు కూడా కొన్ని నెలల్లో అదే అంతస్తుకు చేరతారు, నాలుగేళ్లు మానేసి తిరిగి వచ్చినా పెట్టెలో దాచిన కవచం పనికివస్తుంది. ఉద్యోగాలు, పిల్లలు, పరీక్షలు ఉన్నవారికి ఈ రెండో పద్ధతే మేలని చెప్పడానికి సంకోచించనక్కర లేదు.

వీటికంటే విచిత్రమైనది, భయాన్ని ఎక్కువగా పుట్టించేది ఈవ్ ఆన్‌లైన్. ఐస్‌లాండ్‌కు చెందిన సీసీపీ సంస్థ నడిపే ఈ అంతరిక్ష లోకంలో నైపుణ్యాలు రాక్షసులను చంపితే పెరిగేవి కావు. ఏ విద్య నేర్వాలో వరుసలో పెట్టి వదిలేస్తే, ఆటగాడు నిద్రపోతున్నా ఆఫీసులో ఉన్నా, గడియారంతో పాటు అవి పెరుగుతూ ఉంటాయి. 2003 నుంచి ఆపకుండా నేర్చుకుంటున్న పాత్రను నేడు పుట్టిన పాత్ర మొత్తం లెక్కలో సహజంగా అందుకునే మార్గం లేదు. 2016లో నైపుణ్యాన్ని ఇంజెక్టర్ల రూపంలో కొనుక్కునే ఏర్పాటు వచ్చింది గానీ అది సంపన్నుల దారి. ఇంతవరకూ విన్నవారికి అది తలుపులు మూసిన లోకమని అనిపించడం న్యాయమే. అయితే అక్కడ ప్రతి నైపుణ్యానికీ ఐదు మెట్లే ఉంటాయి, ఏ క్షణంలోనైనా ఒక పాత్ర ఒకే నౌక నడపగలదు, ఆ నౌకకు కావలసిన నైపుణ్యాలు కొన్నే. పాతవారికి ఉన్నది ఎక్కువ రకాల నౌకలు నడిపే వెసులుబాటు తప్ప ఒకే నౌకలో అపారమైన బలం కాదు. అందువల్ల చిన్న ఫ్రిగేట్ నౌక నడపడంలో కొద్ది వారాలు శ్రద్ధ పెట్టిన కొత్తవారు ఆ ఒక్క పనిలో ఇరవై ఏళ్ల అనుభవజ్ఞులకు దీటుగా నిలవగలరు. పైగా యుద్ధంలో ట్యాక్లింగ్ అనే పని, అంటే శత్రువు పెద్ద నౌక తప్పించుకుని పారిపోకుండా చిన్న నౌకతో పట్టి ఉంచడం, తరచుగా కొత్తవారికే అప్పగిస్తారు. నౌక పోయినా నష్టం స్వల్పం, పట్టు దొరికితే జట్టుకంతటికీ లాభం. ముందు వచ్చిన చెవుల కంటే వెనుక వచ్చిన కొమ్ములు వాడి అన్న మాట ఈ ఆటలో అక్షరాలా నిజమయ్యే సందర్భాలున్నాయి. కొత్తవారికి ఉచితంగా పాఠాలు చెప్పడానికే ఆటగాళ్లు 2004లో ఈవ్ యూనివర్సిటీ అనే సంఘాన్ని స్థాపించి నేటికీ నడుపుతున్నారంటే, పాతవారు తమ ఆట బతకడానికి కొత్తవారు ఎంత అవసరమో గ్రహించారనే అనుకోవాలి.

ఓల్డ్ స్కూల్ రూన్‌స్కేప్ సంగతి వేరు. 2007 ఆగస్టు నాటి రూన్‌స్కేప్ ప్రతి ఒకటి కంపెనీ వద్ద భద్రంగా దొరకడంతో, ఆటగాళ్ల ఓటు తీసుకుని 2013 ఫిబ్రవరిలో దాన్ని విడి ఆటగా పునరుద్ధరించారు. అప్పటినుంచి ముఖ్యమైన మార్పులను ఆటగాళ్ల ఓటింగుకు పెట్టిన తర్వాతే చేరుస్తున్నారు. ఇక్కడ శ్రమ కరగదు, కుదించబడదు. చెట్లు నరకడం, చేపలు పట్టడం, వంట చేయడం వంటి ప్రతి విద్యలోనూ 99వ లెవెల్ చేరడానికి 1,30,34,431 అనుభవ పాయింట్లు కావాలి. ఆ అంకెల వెనుక ఒక తమాషా ఉంది: 92వ లెవెల్ చేరేసరికి అయ్యేది సరిగ్గా సగం పనే. చివరి ఏడు మెట్లు మొదటి తొంభై రెండింటితో సమానమని ముందే తెలిస్తే, 99 అనేది గమ్యంగా పెట్టుకోవాలా, లేక కథలూ సాహసాలూ ముగించడానికి సరిపడా 70 ప్రాంతంలో ఆగి ఆనందించాలా అన్నది కొత్తవారు మొదటి వారంలోనే తేల్చుకోవచ్చు. పాత ఆటల్లో సంతను కూడా లెక్కలోకి తీసుకోవాలి. ఏళ్ల తరబడి పోగుపడిన సంపద వల్ల కొన్ని సరుకులు ఆకాశాన్నంటితే, కొత్తవారు శ్రమపడి తెచ్చే కట్టెలకూ చేపలకూ చిల్లర కూడా రాలకపోవచ్చు. దీనికి విరుగుడుగా 2014లో ఐరన్‌మ్యాన్ పద్ధతి వచ్చింది: ఆ గుర్తు ధరించిన పాత్ర ఇతరులతో వ్యాపారం చేయలేదు, తనకు కావలసినదంతా తానే సంపాదించుకోవాలి. సంతకు దూరంగా ఉన్నవారికి ఎవరో ధనవంతులై ఉండడం వల్ల వచ్చే నష్టమేమీ లేదు కాబట్టి ఆలస్యమన్న మాటకే అర్థం పోతుంది.

అందుకోవడం సాధ్యమేనని తేలినా, అందుకునే దాకా నడవవలసిన దారిలో తోడు ఉందా అన్నది మిగులుతుంది. పాత ఆటల్లో జనం చివరి అంతస్తులో గుమిగూడి ఉంటారు. మొదటి ఊళ్లు, మొదటి గుహలు నిర్మానుష్యంగా ఉంటాయి. ఐదారుగురు కలిస్తేనే గెలవగలిగే డంజన్లను, అంటే గుంపుగా వెళ్లే గుహలను, దారి పొడవునా పెట్టిన ఎవర్‌క్వెస్ట్ వంటి ఆటకు ఇది ప్రాణాంతకమైన సమస్య. అందుకే 2008లో కిరాయి సైనికులను, అంటే మనుషులకు బదులు కంప్యూటరే నడిపే తోడును ప్రవేశపెట్టారు. అంతకంటే తెలివైన పరిష్కారం ఫైనల్ ఫాంటసీ 14లో కనిపిస్తుంది. డ్యూటీ రూలెట్ అనే ఏర్పాటు ద్వారా పై స్థాయివారు రోజూ ఏదో ఒక పాత గుహకు లాటరీ పద్ధతిలో పంపబడతారు, వారి బలం ఆ గుహకు తగినట్టు తగ్గించబడుతుంది, మొదటిసారి వచ్చిన ఆటగాడు జట్టులో ఉంటే వారికి అదనపు బహుమతి దక్కుతుంది. పాతవారి స్వార్థమే కొత్తవారికి తోడు తెచ్చిపెడుతుంది కనుక దయాదాక్షిణ్యాల మీద ఆధారపడనక్కర లేదు. ఒక ఆటను ఎంచుకునేముందు పదేళ్ల అనుభవం ఉన్న ఆటగాడిని ఇవాళ మొదటి గుహకు రప్పించే కారణం ఏమిటి అని విచారించడం, మొత్తం ఎంతమంది ఆడుతున్నారని విచారించడం కంటే ఎంతో ఉపయోగకరం.

తోడు గురించి ఒక హెచ్చరిక అవసరం. నికొలస్ డుషెనో, నిక్ యీ, మరి ఇద్దరు పరిశోధకులు 2006లో వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్‌పై ప్రచురించిన అధ్యయనం ప్రకారం, జనం కిటకిటలాడుతున్న ఆ రోజుల్లో కూడా చాలామంది ఎక్కువ సమయం ఒంటరిగానే ఆడుకునేవారు. ఇతరులు వారికి సహచరులుగా కంటే చుట్టూ ఉన్న జనంగా, ప్రేక్షకులుగా ఉపయోగపడేవారు. స్వర్ణయుగమని పాతవారు తలచుకునే కాలం కూడా అందరూ భుజాలు కలిపి నడిచిన కాలమేమీ కాదన్నమాట. ఆ కాలాన్ని తిరిగి అమ్మడానికి కంపెనీలు వెనుకాడలేదు: 1999 నాటి భూభాగంతో మొదలై ఎక్స్‌పాన్షన్లు ఒకటొకటిగా తెరుచుకునే ఎవర్‌క్వెస్ట్ సర్వర్లు, 2019 ఆగస్టులో వచ్చిన వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ క్లాసిక్ ఈ కోవలోవి. అటువంటి సర్వర్ తెరిచిన వారంలో చేరితే పాత ఆటలో అరుదుగా దొరికే సమాన ప్రారంభం దొరుకుతుంది. ఆరు నెలలు ఆగి చేరితే జనం అలలా పైకి వెళ్లిపోయి కింది ఊళ్లు మళ్లీ ఖాళీ అవుతాయి. అక్కడ కూడా పాతవారికి ప్రతి మూల కంఠస్థం కనుక సమానత్వం అంకెల్లోనే.

నిజానికి ఆలస్యంగా వచ్చేవారు శాశ్వతంగా పోగొట్టుకునేది బలాన్ని కాదు, అజ్ఞానాన్ని. ఏ గుహలో ఏముందో ఎవరికీ తెలియని రోజులు మళ్లీ రావు. ప్రతి కత్తికీ, ప్రతి దారికీ, ప్రతి గంటకూ లభించే లాభానికీ పట్టికలు తయారై ఉన్నాయి. 1978లో ఎసెక్స్ విశ్వవిద్యాలయంలో రాయ్ ట్రబ్‌షా మొదలుపెట్టిన మడ్ అనే అక్షరాల ఆటను అభివృద్ధి చేసిన రిచర్డ్ బార్టిల్, 1996లో రాసిన వ్యాసంలో ఆటగాళ్లను సాధకులు, అన్వేషకులు, స్నేహశీలురు, వేటగాళ్లు అని నాలుగు రకాలుగా విభజించాడు. ఆ విభజనను ఈ సందర్భానికి అన్వయిస్తే, ఇతరులను ఓడించడంలోనే ఆనందం వెతికే వేటగాళ్లకు పాత ఆట అంత కఠినమైన చోటు మరొకటి ఉండదు. ప్రథములుగా నిలవాలనుకునే సాధకులకు ఆ ఘనతలన్నీ ఎప్పుడో పంచబడిపోయాయి. స్నేహశీలురు ఆటకంటే ముందు గిల్డ్‌ను, అంటే కలిసి ఆడే సంఘాన్ని, వెతుక్కోవాలి. అన్వేషకుల పంట మాత్రం పండినట్టే, ఎందుకంటే ఇరవై ఏళ్లు పొరలు పొరలుగా కట్టిన లోకం వారి ముందుంటుంది; మొదటి రెండు మూడు నెలలు పట్టికల జోలికి పోకుండా తప్పులు చేస్తూ తిరగగలిగితే, పాతవారు ఎంత డబ్బిచ్చినా కొనుక్కోలేని అనుభవం వారిదవుతుంది.

భారతదేశం నుంచి ఆడేవారికి పాత ఆటలు ఒక ఊహించని ఉపకారం చేస్తాయి. ఆప్టికల్ ఫైబర్‌లో కాంతి మిల్లీసెకనుకు దాదాపు 200 కిలోమీటర్లు ప్రయాణిస్తుంది. హైదరాబాదుకు అమెరికా సర్వర్లు 13 వేల కిలోమీటర్లకు పైబడిన దూరంలో ఉన్నాయి గనుక, ఎంత మంచి కనెక్షన్ ఉన్నా సందేశం వెళ్లి రావడానికి 130 మిల్లీసెకన్లకు తగ్గదు, కేబుళ్లు చుట్టుదారిలో పోతాయి కాబట్టి ఆచరణలో అంతకంటే బాగా ఎక్కువే అవుతుంది. పింగ్ అని పిలిచే ఈ ఆలస్యం, రెప్పపాటులో దెబ్బ తప్పించుకోవలసిన కొత్త తరం ఆటల్లో పరాజయానికి చాలు. ఓల్డ్ స్కూల్ రూన్‌స్కేప్ 0.6 సెకన్లకు ఒకసారి, ఈవ్ ఆన్‌లైన్ సెకనుకు ఒకసారి మాత్రమే లోకాన్ని ముందుకు కదుపుతాయి. ఆ విరామాల్లో 200, 250 మిల్లీసెకన్ల ఆలస్యం దాదాపు కలిసిపోతుంది. రూన్‌స్కేప్ వంటివి ఖరీదైన గ్రాఫిక్స్ కార్డు లేని పాత ల్యాప్‌టాప్‌లోనూ నడుస్తాయి, ఓల్డ్ స్కూల్ రూన్‌స్కేప్ అయితే 2018 అక్టోబరు నుంచి మొబైల్‌లోనూ ఉంది. దూరం దెబ్బకొట్టేది వేరే చోట: అమెరికా తూర్పు తీరంలో రాత్రి ఎనిమిదికి మొదలయ్యే రెయిడ్ విజయవాడలో తెల్లవారుజామున ఐదున్నరకో, చలికాలంలో ఆరున్నరకో పడుతుంది, ఐరోపా గిల్డ్ అయితే అర్ధరాత్రి దాకా మేలుకోవాలి, సింగపూర్ వేళల్లో ఆడేవారితో చేరితే సాయంత్రం ఐదున్నర. న్యూజెర్సీలోనో డల్లాస్‌లోనో ఉన్న తెలుగువారికి ఈ బాధ లేదు గానీ, స్వదేశంలోని తమ్ముడితో కలిసి ఆడాలనుకుంటే అదే లెక్క తిరగబడుతుంది. గిల్డ్‌లో చేరేముందు సర్వర్ పేరు కంటే ముందు వారు ఆడే వేళలు అడగడం వివేకం.

డబ్బు విషయంలో ఎక్కువ చెప్పవలసింది లేదు. పాత ఆటలు బూస్ట్ అనే పేరుతో నేరుగా పై లెవెల్‌కు చేర్చే సదుపాయాన్ని అమ్ముతుంటాయి; వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ 2014 నుంచి దీన్ని అమ్ముతోంది. కొత్తవారు దీన్ని కొనడమంటే, కట్టబోయే మొత్తంలో అత్యంత ఆసక్తికరమైన భాగాన్ని చూడకుండా ఉండేందుకు అదనంగా చెల్లించడమే. దానికంటే జాగ్రత్తగా చూసుకోవలసినది కాలం. పెట్టిన ఖర్చు తిరిగిరాదని తెలిసినా, పెట్టాం కాబట్టి ఇంకా పెట్టాలనిపించే ధోరణిని మనస్తత్వ శాస్త్రజ్ఞులు మునిగిన ఖర్చు ప్రభావం అంటారు. హాల్ ఆర్క్స్, కేథరిన్ బ్లూమర్ 1985లో దీనిపై రాసిన పత్రం ప్రసిద్ధమైనది. రోజూ చేయవలసిన చిన్న పనులను, ఆటగాళ్ల మాటలో డైలీలను, ఆట నిండా పరిచిన చోట ఈ ప్రభావం త్వరగా పనిచేస్తుంది. ఏ రోజున ఆట ఆనందం ఇవ్వక కేవలం బాకీ తీర్చే పనిలా తోస్తుందో ఆ రోజున మానేయాలన్న నిబంధనను చేరకముందే రాసి పెట్టుకోవడం మేలు, ఎందుకంటే చేరిన తర్వాత రాసుకునే నిబంధనలు పాత్ర లెవెల్‌తో పాటు మారిపోతుంటాయి.

మొదలుపెట్టేవారు పైసా ఇవ్వకుండా చాలా దూరం వెళ్లవచ్చు. వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్‌ను 20వ లెవెల్ దాకా ఉచితంగా ఆడనిస్తారు. గిల్డ్ వార్స్ 2 తొలి భాగం 2015 నుంచి ఉచితం. ఈవ్ ఆన్‌లైన్ 2016 నవంబరు నుంచి పరిమిత నైపుణ్యాలతో ఉచితంగా ప్రవేశం ఇస్తోంది. ఫైనల్ ఫాంటసీ 14 మరింత ఉదారం: 2023 అక్టోబరు నుంచి 70వ లెవెల్ వరకు, రెండు ఎక్స్‌పాన్షన్లతో సహా, గడువు లేకుండా ఆడవచ్చు. బదులుగా ఆ ఉచిత ఖాతాదారులు సంతలో కొనలేరు, అమ్మలేరు, గిల్డ్‌లో చేరలేరు, మూడు లక్షలకు మించి ఆట నాణేలు దాచుకోలేరు. ఈ పరిమితులు చికాకు పెడుతున్నాయని కొద్ది వారాల్లోనే పూర్తి ఆట కొనేవారు తెలుసుకోవలసిన విషయం ఏమిటంటే, ఒకసారి పూర్తి ఖాతాగా మారిన తర్వాత దాన్ని మళ్లీ ఉచిత ఖాతాగా మార్చే వీలు లేదు, నెలవారీ చందా కట్టడం ఆపిన రోజున ఆ పాత్ర 30వ లెవెల్‌లో ఉన్నా దాని తలుపు మూసుకుంటుంది. కాబట్టి 70వ లెవెల్ చేరి, సంత లేకుండా గిల్డ్ లేకుండా కూడా ఆ లోకంలోకి వెళ్లాలనిపిస్తున్నదా లేదా అన్నది తేలే వరకు చెల్లింపును వాయిదా వేయడమే సరైన క్రమం.